అయిదో నంబరు గుమ్మం
(గ్యారీ కిల్డాల్ జీవిత కథ)

— బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి, రాజుపాలెం

మన కళాశాల కంప్యూటర్ ల్యాబులో ఏ యంత్రం ముందు కూర్చున్నా సి డ్రైవు అని ఒకటి కనిపిస్తుంది. దాని పక్కన డి ఉంటుంది, ఒక్కోసారి ఇ కూడా ఉంటుంది. ఎ, బి లు మాత్రం కనిపించవు. ఓనమాలు మూడో అక్షరం నుంచి ఎందుకు మొదలయినవని మొదటి సంవత్సరంలో నాకొక అనుమానం వచ్చింది. అడిగితే మిత్రులు నవ్వారు. పరీక్షల్లో రాని ప్రశ్న నీకెందుకన్నారు. ఆ అనుమానం తీర్చుకోబోయి నేను ఒక మనిషి జీవితంలోకి పోయి పడ్డాను. ఆయన పేరు గ్యారీ కిల్డాల్. 1994లో, 52 ఏండ్ల వయసులోనే చనిపోయాడు. కంప్యూటర్ల చరిత్ర చదివినవాళ్ళకు బాగా తెలిసిన పేరే. కాని బిల్ గేట్స్ పేరు తెలియని విద్యార్థి మనలో ఒక్కడూ లేడు గదా, కిల్డాల్ పేరు విన్నవాళ్ళు ఎందరున్నారో చేతులెత్తమంటే నాకు భయమే.

ఆయన తయారుచేసిన ఆపరేటింగ్ సిస్టం పేరు సీపీ/ఎం. మన పల్నాడులో సీపీఎం అంటే ఎర్రజెండా, సుత్తి కొడవలి నక్షత్రం గుర్తుకొస్తాయి. ఇది ఆ పార్టీ కాదని పాఠకులకు ముందే మనవి చేసుకుంటున్నాను. మధ్యలో ఒక గీత ఉంది, ఆ గీతను మరువవద్దు.

కిల్డాల్ సంగతికి పోయే ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పనివ్వండి. మాది రాజుపాలెం. మిరప, పత్తి మా పైర్లు. రెండేండ్ల కిందట ధర లేదని, కల్లంలో ఎండిన కాయను అమ్మబుద్ధిగాక మా నాయన 60 టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు. కాటా వేసి రసీదు రాసిచ్చారు. రసీదు మీద ఒక నంబరు ఉంటుంది. మన సరుకు ఏ గదిలో, ఏ అంతస్తులో, ఏ వరసలో ఉన్నదో రైతుకు తెలియనక్కరలేదు. అది వాళ్ళ రిజిస్టరులో ఉంటుంది. రైతు రసీదు చూపిస్తే గుమాస్తా రిజిస్టరు చూస్తాడు, ముఠావాళ్ళు లోపలికి పోయి టిక్కీలు దింపుకొస్తారు. చక్కని ఏర్పాటే. కాని ఆ ఏడు నడుమ ఏదో మరమ్మతు వచ్చి, ఒక గదిలోని సరుకును ఇంకో గదిలోకి మార్చారట. మార్చినవాళ్ళు రిజిస్టరులో రాయలేదు. రేటు లేచిందని తెలిసి మా నాయన పొద్దున్నే పోతే, రిజిస్టరు చెప్పిన వరసలో ఇంకెవరి కాయలో ఉన్నాయి. మావి దొరికేసరికి మధ్యాహ్నం దాటింది. యార్డులో ఆనాటి బేరాలు ముగిసిపోయాయి. మర్నాడు క్వింటాలుకు 400 రూపాయలు తగ్గింది. ఇంకా నయం, గుమాస్తా తొందరపడి ఎదురుగా ఉన్న టిక్కీలే మావని దింపించలేదు. అట్లా చేసివుంటే ఎవరో తెలియని ఇంకొక రైతు మునిగివుండేవాడు.

రిజిస్టరు ఒకటి చెబుతూ గది ఇంకొకటి చెబుతుంటే ఎవరి మాట నమ్మాలి? కంప్యూటరులో ఈ చిక్కు తీర్చవలసినది ఆపరేటింగ్ సిస్టం. ఏ డిస్కు తగిలించి ఉన్నది, దానిలో చోటు ఎంత మిగిలింది, దేనిమీద రాయవచ్చు, దేనిని చదవటం తప్ప ముట్టరాదు అనేవన్నీ ప్రోగ్రాములు దానినే అడిగి తెలుసుకోవాలి. సొంతంగా లోపలికి చొరబడి వెతకరాదు. చిన్న కంప్యూటర్ల లోకంలో ఈ అడిగే పద్ధతిని వందల రకాల యంత్రాలకు ఒకటే చేసి పెట్టినవాడు కిల్డాల్. అందుకే ఆయన కథకు మా టిక్కీల కథను ముందు కట్టాను.

గ్యారీ కిల్డాల్ 1942 మే 19న అమెరికా దేశపు వాయవ్య మూలనున్న సియాటిల్ నగరంలో పుట్టాడు. అది రేవు పట్టణం. వాళ్ళ కుటుంబానికి ఒక నౌకాయాన పాఠశాల ఉండేది. ఆకాశంలో నక్షత్రాలను, కోణాలను, పట్టికలను ఆధారం చేసుకుని నడిసముద్రంలో ఓడ ఎక్కడ ఉన్నదో లెక్కగట్టడం నేర్పే బడి అది. తండ్రి దానిని నడిపేవాడు. మనం చేలో నిలబడితే గట్టును చూసి ఎవరి పొలమో చెప్పగలం. సముద్రంలో గట్లుండవు గదా, లెక్క ఒక్కటే ఆధారం. హైస్కూలులో కుర్రవాడు మార్కుల మనిషి కాడు. కార్లు విప్పడం, బిగించడం మీద ధ్యాస ఎక్కువ. తరువాత ఆ కుటుంబపు బడిలోనే పాఠాలు చెప్పాడు. లెక్కల మాస్టారు అవుదామని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. 1963లో డొరొతీ మెక్యూయన్‌ను పెండ్లాడాడు. లెక్కల కోసం పోయినవాడు అక్కడ కంప్యూటరును చూసి ఇక వదలలేదు.

అది వియత్నాం యుద్ధకాలం. సైన్యంలోకి పిలుపు వస్తే ఆయన నౌకాదళం ద్వారా కాలిఫోర్నియాలోని మాంటెరేలో ఉన్న నేవల్ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూలులో అధ్యాపకుడయ్యాడు. తుపాకి బదులు సుద్దముక్క చేతికి వచ్చింది. 1972లో డాక్టరేటు పూర్తిచేశాడు. 1973లో ఒక పరిశోధన పత్రం వెలువరించాడు. కంపైలర్లు ప్రోగ్రామును ఏ విధంగా ముందుగానే పరిశీలించి పొదుపు చేయాలో చెప్పే పద్ధతి అది. నేటికీ కంపైలర్ల పాఠ్యపుస్తకాల్లో కిల్డాల్ పేరుతోనే చెబుతారు. ఆపరేటింగ్ సిస్టం రాయకపోయినా ఈ ఒక్క పత్రంతోనే ఆయన పేరు నిలిచేదని నా అభిప్రాయం.

ఈలోగా 1971 నవంబరులో ఇంటెల్ కంపెనీ 4004 అనే చిన్న ప్రాసెసరును బయటికి తెచ్చింది. 25 డాలర్లకు కంప్యూటరు అన్నట్టుగా వచ్చిన ప్రకటన కిల్డాల్ కంటబడింది. వాళ్ళ నాన్నకు ఎప్పటినుంచో ఒక కోరిక ఉండేది. పిడి తిప్పితే ఓడ ఉన్నచోటు చెప్పే యంత్రం ఒకటి ఉంటే బాగుండునని. ఆ చిప్పుతో ఆ యంత్రం చేయవచ్చునేమోనని కొడుకు కూర్చున్నాడు. త్రికోణమితి లెక్కలు చేసే ప్రోగ్రాములు రాశాడు. తండ్రి యంత్రం సంగతి ఎట్లున్నా ఆ పనితో ఇంటెల్ వాళ్ళకు దగ్గరయ్యాడు. వారానికి ఒకరోజు పోయి సలహాదారుగా పనిచేసేవాడు. 1973లో వాళ్ళకు పీఎల్/ఎం అనే ప్రోగ్రామింగ్ భాష తయారుచేసి ఇచ్చాడు.

ఇక్కడ ఆనాటి ఇబ్బంది కొంచెం చెప్పాలి. చిన్న కంప్యూటరులో ప్రోగ్రాము దాచుకోవాలంటే కాగితపు టేపుకు చిల్లులు కొట్టడమే దారి. టెలిటైపు యంత్రం మీద అది సెకనుకు 10 అక్షరాల చొప్పున చదివేది. పెద్ద ప్రోగ్రాము ఎక్కించాలంటే టేపు పెట్టి టీ తాగి రావలసిందే. 1971లో ఐబీఎం తెచ్చిన 8 అంగుళాల ఫ్లాపీ డిస్కు ఈ బాధ తీర్చగలదు. కాని డ్రైవు ధర ఒక అధ్యాపకుడి జీతానికి అందేది కాదు. షుగార్ట్ అనే కంపెనీ నుంచి, వేలగంటలు పరీక్షల్లో తిరిగి అరిగిపోయిన డ్రైవు ఒకటి కిల్డాల్‌కు దొరికింది. డ్రైవు దొరికిందేగాని దానిని కంప్యూటరుకు కలిపే కంట్రోలరు లేదు. తానే చేద్దామని ప్రయత్నించి ఓడిపోయాడు. దాదాపు ఏడాది ఆ డ్రైవు ఆయన గదిలో ఉత్తగా పడి ఉంది. ఇంజను ఉండి బెల్టు లేని మిల్లు లాగా అనుకోండి. చివరికి విశ్వవిద్యాలయ కాలపు స్నేహితుడు జాన్ టొరోడీ కంట్రోలరు తయారుచేసి పెట్టాడు. 1974లో పసిఫిక్ గ్రోవ్ అనే ఊళ్ళో ఆ డిస్కు తిరిగింది, సీపీ/ఎం పనిచేసింది. మన హైదరాబాదులో ఎ.ఎస్. రావు గారి నాయకత్వాన ఈసీఐఎల్ వాళ్ళు 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటరు చేసి ఉన్నారు. కంప్యూటర్ల పని అప్పటికి మన తెలుగు నేల మీద కూడా నడుస్తున్నదే. కాని ఆనాటివన్నీ సంస్థలు కొనే యంత్రాలు. కిల్డాల్ చేసినది ఒక మనిషి బల్ల మీద పెట్టుకునే యంత్రానికి.

ఇంటెల్ వాళ్ళు పీఎల్/ఎం తీసుకున్నారు, సీపీ/ఎం మాత్రం వద్దన్నారు. మంచిదే అయింది. గ్యారీ, డొరొతీ కలిసి సొంతంగా కంపెనీ పెట్టుకున్నారు. దానికి మొదట ఇంటర్‌గెలాక్టిక్ డిజిటల్ రీసెర్చ్ అని పేరు పెట్టారు. నక్షత్రమండలాల నడుమ అన్నమాట! తరువాత ఆ మొదటి ముక్క తీసేసి డిజిటల్ రీసెర్చ్ అన్నారు. ఆయన ప్రోగ్రాములు రాస్తే ఆమె వ్యాపారం చూసేది. సీపీ/ఎం ధర 70 డాలర్ల ప్రాంతం. పోస్టులో పంపేవారు.

అసలు విషయానికి వచ్చాను. సీపీ/ఎంలో ముఖ్యంగా ఒక గుమ్మం ఉన్నది. మెమరీలో 5వ నంబరు చిరునామా. ఏ ప్రోగ్రాముకు డిస్కుతో పని పడినా ఆ 5వ చిరునామాకు పోయి నిలబడాలి. చేతిలో, అంటే సి అనే రిజిస్టరులో, తనకేం కావాలో ఒక నంబరు పట్టుకుని పోవాలి. 15 అంటే ఫైలు తెరువు. 16 అంటే మూసెయ్యి. 14 అంటే ఫలానా డ్రైవుకు మారు. 25 అంటే నేనిప్పుడు ఏ డ్రైవులో ఉన్నాను? ఎ అయితే 0, బి అయితే 1 జవాబుగా వస్తుంది. 24 అని అడిగితే ఏయే డ్రైవులు ఇప్పుడు లెక్కలోకి వచ్చి ఉన్నాయో చెబుతుంది. ఆ జవాబు 16 బిట్ల సంఖ్య. కుడిచివరి బిట్టు ఎ, దాని పక్కది బి, అట్లా ఎడమచివరి పి దాకా. బిట్టు 1 అయితే ఆ డ్రైవు ఉన్నట్టు, 0 అయితే లేనట్టు. 29 అని అడిగితే రాయకూడని డ్రైవులు ఏవో ఇదే తీరున చెబుతుంది. 31 అడిగితే ఆ డిస్కు కొలతల పట్టిక ఎక్కడుందో చూపిస్తుంది. 27 అడిగితే డిస్కులో ఏ గళ్ళు నిండినవి, ఏవి ఖాళీవి అనే పటం ఎక్కడుందో చూపిస్తుంది. స్టాట్ అనే చిన్న ప్రోగ్రాము ఈ 27, 31 లను అడిగే డిస్కులో మిగిలిన చోటు లెక్కగట్టి చెప్పేది.

ఆ పటం ఎంత చిన్నదో చూస్తే నాకు ముచ్చటేసింది. ఆనాటి 8 అంగుళాల డిస్కులో 77 ట్రాకులు, ట్రాకుకు 26 సెక్టార్లు, సెక్టారుకు 128 బైట్లు. గుణించి చూసుకోండి, 2,56,256 బైట్లు. ఈనాడు సెల్‌ఫోనుతో తీసిన ఒక్క ఫోటో కూడా పట్టదు. మొదటి రెండు ట్రాకులు సిస్టం తనకు ఉంచుకుంటుంది. మిగిలినది 1,024 బైట్ల గళ్ళుగా పంచితే 243 గళ్ళు. గడికి ఒక బిట్టు చొప్పున 243 బిట్లు, అంటే 31 బైట్లలో రిజిస్టరు అంతా ఇమిడిపోయింది. ఫైళ్ళ పేర్లు రాసుకునే డైరెక్టరీలో 64 వరసలు, వరసకు 32 బైట్లు. అదీ మొత్తం ఆస్తి.

మరి యంత్రం మారితే? ఒక కంపెనీ డ్రైవు ఒక తీరు, ఇంకో కంపెనీది ఇంకో తీరు. మొదట్లో కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ కిల్డాల్ కూర్చుని సిస్టంలో అక్కడక్కడ మార్పులు చేయవలసి వచ్చేది. 1976 ప్రాంతంలో ఇమ్సాయ్ అనే కంప్యూటరు కంపెనీ వాళ్ళు వచ్చి సీపీ/ఎం మాకూ కావాలన్నారు. ప్రతి డ్రైవుకూ తిరగరాయడం విసుగెత్తి ఆయన సిస్టాన్ని రెండుగా కోశాడు. డిస్కు మోటారును, తలకాయను కదిలించే యంత్రపు పనులన్నీ ఒక చిన్న ముక్కలో పెట్టి దానికి బయోస్ అని పేరుపెట్టాడు. ఫైళ్ళ లెక్క చూసే పెద్దముక్క, బీడాస్, ఎక్కడయినా ఒకటే. కొత్త యంత్రం చేసినవాడు బయోస్ మాత్రం రాసుకుంటే చాలు. కోల్డ్ స్టోరేజీ ఏ ఊళ్ళోదయినా రసీదు పద్ధతి ఒకటే. లోపల లిఫ్టు ఉన్నదా, మెట్లున్నాయా అనేది ముఠావాళ్ళ సంగతి. బయోస్ అనే మాట నేటికీ మన కంప్యూటరు ఆన్ చేసినప్పుడు వింటూనే ఉన్నాం. ఆ మాట పుట్టినది ఈయన చేతనే.

ఈ కోతతో లోకం తిరిగిపోయింది. అంతకుముందు ఒక యంత్రానికి రాసిన ప్రోగ్రాము ఇంకోదానిలో పనిచేసేది కాదు. ఇప్పుడు వర్డ్‌స్టార్ అయినా, డిబేస్ అయినా 5వ నంబరు గుమ్మం తట్టడం తెలిస్తే చాలు, ఎవరి యంత్రంలోనయినా నడుస్తుంది. ప్రోగ్రాములు రాసి అమ్ముకుని బతకవచ్చునన్న ధైర్యం చిన్న చిన్న వాళ్ళకు వచ్చింది.

ఇక మా టిక్కీల చిక్కు. ఫ్లాపీని మనిషి ఎప్పుడయినా లాగేసి ఇంకోటి పెట్టవచ్చు. సీపీ/ఎం ఒక డ్రైవును మొదటిసారి ముట్టుకున్నప్పుడు డైరెక్టరీ అంతా చదివి ఖాళీ గళ్ళ పటం మెమరీలో గీసుకుంటుంది. దీనినే లాగిన్ అనేవారు. తరువాత ఎవరో వచ్చి, చెప్పాపెట్టకుండా డిస్కు మార్చేస్తే? మెమరీలో పటం పాత డిస్కుది, డ్రైవులో ఉన్నది కొత్త డిస్కు. పాత పటం చూసి ఖాళీ అనుకుని రాస్తే కొత్త డిస్కులోని ఎవరి పనో తుడిచిపెట్టుకుపోతుంది. తలుపు తెరిచినట్టు కబురుచేసే తీగ ఆనాటి డ్రైవులన్నిటికీ ఉండేది కాదు. దీనికి కిల్డాల్ చేసిన ఉపాయం చాలా సాదాది. డైరెక్టరీ చదివినప్పుడు దానిలోని బైట్ల కూడిక ఒకటి రాసిపెట్టుకుంటాడు. మళ్ళీ డైరెక్టరీ ముట్టుకున్నప్పుడు కూడిక సరిచూస్తాడు. తేడా వచ్చిందా, డిస్కు మారిందన్నమాట. వెంటనే ఆ డ్రైవును చదవటానికి మాత్రమే అని గుర్తుపెడతాడు. ఇక దానిమీద రాయబోతే సిస్టం ఒప్పుకోదు, తప్పు చూపించి ఆగిపోతుంది. కంట్రోల్, సి మీటలు కలిపి నొక్కితే అన్నీ మరచిపోయి మళ్ళీ మొదటినుంచి డైరెక్టరీ చదువుకుంటుంది.

వాడినవాళ్ళు దీనిని తిట్టుకున్నారు. గంటసేపు టైపు చేసినది దాచబోతే ఒప్పుకోకపోవడం, వాళ్ళ పని పోవడం జరిగేవి. నిజమే, మొరటు పద్ధతి. కాని రిజిస్టరును గుడ్డిగా నమ్మకుండా గదిలోకి ఒకసారి తొంగిచూసే గుమాస్తా ఆయన. తెలియనప్పుడు రాయనని చెప్పడానికి ధైర్యం కావాలి. మా నాయన పోయిన కోల్డ్ స్టోరేజీలో ఆ మాత్రం కూడిక ఎవరూ వేయలేదు.

అదే కాలంలో బెల్ లేబొరేటరీస్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ తయారుచేసిన యునిక్స్ వేరే దారి పట్టింది. అక్కడ డ్రైవుకు అక్షరాలు లేవు. ఒకటే చెట్టు, కొత్త డిస్కును ఏదో ఒక కొమ్మకు అంటుకట్టినట్టు తగిలిస్తారు. దానినే మౌంట్ చేయడం అంటారు. తగిలించేటప్పుడూ, తీసేటప్పుడూ సిస్టంకు చెప్పి తీరాలి. ఎక్కడ ఏది తగిలించారో మౌంట్ ప్రోగ్రాము ఎమ్‌ట్యాబ్ అనే ఫైలులో రాసిపెట్టేది. ఇదీ రిజిస్టరే, దీనికీ అదే రోగం. రాసేవాడు రాయకపోయినా, కరెంటు పోయినా, కాగితం ఒకటి నిజం ఒకటి అయ్యేవి. మన ల్యాబులో లినక్స్ ఉన్న యంత్రాల్లో ప్రాక్ అనే డైరెక్టరీలో మౌంట్స్ అని ఒక ఫైలు కనిపిస్తుంది. అది డిస్కు మీద ఉన్న ఫైలు కాదు. తెరిచినప్పుడల్లా సిస్టంలోని కెర్నల్ తన దగ్గరున్న అసలు లెక్కను అప్పటికప్పుడు రాసి చూపిస్తుంది. ఇప్పుడు చాలాచోట్ల పాత ఎమ్‌ట్యాబ్ పేరును కూడా దీనివైపే మళ్ళించారు. కిల్డాల్‌కు ఇవేవీ తెలియక కాదు. ఆయన సిస్టం 16 కిలోబైట్ల మెమరీలో ఒదగాలి, వాడుకరి ప్రోగ్రాముకు కూడా అందులోనే చోటు మిగలాలి. ఎకరం చెక్కలో ఇల్లు, పైరు రెండూ అంటే కొన్ని వదులుకోవాలి మరి.

1980 వేసవిలో ఐబీఎం మనుషులు పసిఫిక్ గ్రోవ్ వచ్చారు. తాము చేయబోయే చిన్న కంప్యూటరుకు సీపీ/ఎం కావాలని. ఆనాడు కిల్డాల్ ఊళ్ళో లేడు, సొంత విమానం నడుపుకుంటూ ఇంకొక ఖాతాదారు దగ్గరికి పోయాడు. ఐబీఎం వాళ్ళు ముందుగా ఒక రహస్య ఒప్పందం మీద సంతకం పెట్టమన్నారు. అది ఏకపక్షంగా ఉందని డొరొతీ, వాళ్ళ లాయరు వెనుకాడారు. మధ్యాహ్నం ఆయన తిరిగొచ్చి వాళ్ళతో మాట్లాడాడని కొందరు, లేదని కొందరు చెబుతారు. అప్పటినుంచి లోకమంతా ఒక కథ అల్లింది. విమానంలో షికారుకు పోయి లక్ష్మిని కాలదన్నుకున్నాడని. ఇది అన్యాయమని నేననుకుంటాను. పోయినది షికారుకు కాదు, పని మీద. బేరం చెడింది కూడా షరతుల దగ్గర. ప్రతికి ఇంత అని రాయల్టీ ఆయన పద్ధతి. ఒక్కసారే ఇంత ఇచ్చి తీసుకుపోతామనేది వాళ్ళ పద్ధతి. మిరప బేరంలో ఇట్లాంటివి మనం చూడలేదా? చెడిన బేరానికి ఒక్కడినే తప్పుపట్టే అలవాటు మాత్రం లోకానికి ఎప్పుడూ ఉన్నది.

సియాటిల్‌లోనే, కిల్డాల్ పుట్టిన ఊళ్ళోనే, టిమ్ ప్యాటర్సన్ అనే యువకుడు 1980లో ఒక ఆపరేటింగ్ సిస్టం రాశాడు. సీపీ/ఎం ప్రోగ్రాములను సులువుగా తెచ్చుకోవడానికని ఆ గుమ్మాన్నీ, ఆ నంబర్లనూ సీపీ/ఎం లాగే పెట్టుకున్నాడు. మైక్రోసాఫ్ట్ దానిని 1981 జూలైలో 50,000 డాలర్లకు కొనుక్కున్నది. అదే డాస్. 1981 ఆగస్టు 12న ఐబీఎం పీసీ వచ్చింది. కిల్డాల్ గొడవ చేస్తే ఆయన సీపీ/ఎం-86 ను కూడా అమ్ముతామన్నారు. అమ్మారు కూడా. డాస్ ధర 40 డాలర్లు, సీపీ/ఎం-86 ధర 240 డాలర్లు. ఎవరు దేనిని కొంటారో చెప్పనక్కరలేదు.

ప్యాటర్సన్ దొంగిలించాడా? తాను కోడు చూడలేదని, పుస్తకం చూసి మాత్రమే చేశానని ఆయన వాదన. డిస్కు మీద లెక్క రాసే పద్ధతి డాస్‌లో వేరే ఉన్నమాట నిజం. తనది నకలు అని రాసిన పుస్తకం మీద 2005లో దావా వేశాడు. 2007లో కోర్టు దానిని కొట్టివేసింది. గుమ్మం చూసి గుమ్మం కట్టడం దొంగతనమా కాదా అని లాయర్లు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు. నాకు తెలిసినది నంబర్ల సంగతి. డాస్‌లో 14 అంటే డ్రైవు మారు. 15 అంటే ఫైలు తెరువు. 25 అంటే నేను ఏ డ్రైవులో ఉన్నాను? ప్రతి ప్రోగ్రాము ముందు భాగంలో 5వ చిరునామా దగ్గర గుమ్మం కూడా ఉన్నది. ఇంకా చిత్రం 24వ నంబరు. సీపీ/ఎంలో ఏయే డ్రైవులు లెక్కలో ఉన్నాయో చెప్పే నంబరు గదా, డాస్‌లో డ్రైవులను ఆ తీరున లాగిన్ చేసే పద్ధతే లేదు. కాబట్టి ఆ నంబరు అక్కడ ఉన్నదిగాని ఏ పనీ చేయదు. పిలిస్తే ఉత్తచేతులతో తిరిగి వస్తుంది. మనిషి ఇల్లు ఖాళీ చేసి పోయినా గోడ మీద మేకు మిగిలినట్టు.

తరువాత విండోస్‌లో ఏయే డ్రైవులు ఉన్నాయని ప్రోగ్రాము అడిగితే వచ్చే జవాబు ఏమిటనుకున్నారు? ఒక సంఖ్య. కుడిచివరి బిట్టు ఎ, దాని పక్కది బి, ఆపైన సి. ఎ, బి ఫ్లాపీలకు పోయాయి, 1983లో వచ్చిన పీసీ/ఎక్స్‌టీలో హార్డ్ డిస్కుకు సి వచ్చింది. ఫ్లాపీలు పోయినా అక్షరాలు జరగలేదు. నా మొదటి సంవత్సరపు అనుమానానికి ఇదీ సమాధానం.

కిల్డాల్ ఆ తరువాత పేదవాడు కాలేదు. కాని ప్రతిచోటా తన పేరు పక్కన ఓడినవాడు అనే మాట వినవలసి వచ్చింది. 1983లో డొరొతీతో విడాకులయినాయి. ఆ ఏడు మొదలయిన కంప్యూటర్ క్రానికల్స్ అనే టెలివిజన్ కార్యక్రమంలో 1990 దాకా సహ వ్యాఖ్యాతగా, తాపీగా, ఎవరినీ నొప్పించకుండా కనిపించాడు. 1985లో గ్రోలియర్ విజ్ఞానసర్వస్వాన్ని సీడీ-రోమ్ మీదికి తెచ్చాడు. అలమార నిండే పుస్తకాలను ఒక పళ్ళెం మీదికి ఎక్కించడం అప్పటికి చాలా కొత్త. 1991లో డిజిటల్ రీసెర్చ్‌ను నోవెల్ కంపెనీ కొనుక్కున్నది. 1992లో తాను చదివిన విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాఖ రజతోత్సవం జరిగితే, అక్కడ డాక్టరేటు చేసిన తనను వచ్చి కూర్చోమని, అక్కడ చదవని బిల్ గేట్స్‌ను ముఖ్యోపన్యాసానికి పిలిచారు. ఈ అవమానం ఆయనను తొలిచివేసింది. తన కథ తానే రాసుకుని, 1993లో కొద్దిమంది స్నేహితులకు మాత్రం ప్రతులు పంచాడు. చివరి ఏండ్లలో తాగుడు అలవాటు ముదిరింది. దానిని దాచి రాయడం నాకు ఇష్టం లేదు. 1994 జూలై 8న మాంటెరేలో ఒక బారులో తలకు దెబ్బ తగిలింది. ఎట్లా తగిలిందో తేలలేదు. జూలై 11న కన్నుమూశాడు. సియాటిల్‌లో సమాధి చేశారు.

ఇరవై ఏండ్ల తరువాత, 2014 ఏప్రిల్ 25న, పసిఫిక్ గ్రోవ్‌లో లైట్‌హౌస్ వీధిలోని ఆ పాత ఇంటి దగ్గర ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ వాళ్ళు శిలాఫలకం లాంటిది పెట్టారు. అదే సంవత్సరం సీపీ/ఎం తొలిరోజుల కోడును అమెరికాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం అందరికీ విడుదల చేసింది. ఆయన రాసుకున్న జీవిత కథలో కొంతభాగాన్ని పిల్లలు 2016లో బయటపెట్టారు.

సంక్రాంతి సెలవుల ముందు నేనూ, నా రూమ్మేటూ పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాము ఒకటి దించుకుని, దానిలో సీపీ/ఎం 2.2 నడిపి చూశాం. ఎ లో ఒక డిస్కు, బి లో ఒక డిస్కు. బి లో ఒక ఫైలు రాశాం, రాసింది. డైరెక్టరీ చూపించింది. అప్పుడు సిస్టంకు చెప్పకుండా బి లో డిస్కు మార్చి, ఇంకో ఫైలు రాయబోయాం. తెర మీద ఒక్క వరస వచ్చింది. బీడాస్ తప్పు, బి డ్రైవు, చదవటానికి మాత్రమే. రూమ్మేటు పగలబడి నవ్వాడు. ఏదో ఒక మీట నొక్కాను. అన్నీ మరచిపోయి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టి, ఎ అక్షరం చూపిస్తూ నిలబడింది.